కథకి ఊ కొట్టడం ఎలా: నడుస్తున్న మాయల సిరీస్‌కి పాఠకులు చెయ్యగల సాయం

మా అమ్మమ్మది సఖినేటిపల్లి దగ్గర ఊరు. వేసవి సెలవులకి వెళ్తే రాత్రి అన్నాలు తినేశాక అరుగు మీద చాపలు పరిచి బాలనాగమ్మ కథ చెప్పేది, రోజుకి కాస్త చొప్పున. మొదలెట్టే ముందు ప్రతిసారీ ఒకటే షరతు. "ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోద్ది." మేం ఐదుగురం పిల్లలం. మంత్రగాడు గుహలోకి అడుగు పెట్టే చోట మా ఊ గబగబా వచ్చేది, అప్పుడు ఆవిడ ఆ గుహని ఇంకా లోతుగా తవ్వేది, దీపాలు ఆర్పేసేది, గబ్బిలాలని వదిలేది. రాజుగారి పెళ్లి భోజనాల దగ్గర మా ఊ సాగిపోతుంటే రెండు ముక్కల్లో పెళ్లి కానిచ్చేసేది. కథ ఆవిడదే, కానీ ఆ రాత్రి ఎంతసేపు, ఎక్కడ చీకటి, ఎక్కడ వెలుగు అన్నది మా ఊని బట్టే ఉండేది. బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ ఇద్దరు వంతలుంటారు చూడండి, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెప్తూ "తందాన తాన" అంటూ, మనం అడగాలనుకున్న ప్రశ్న మధ్యలో వాళ్లే అడిగేస్తారు. అదీ ఊ కొట్టడమే, కాస్త గట్టిగా.

నడుస్తున్న ఫ్యాన్ ఫిక్షన్‌లో, అంటే ఉన్న కథనే తీసుకుని అభిమానులు కొత్తగా అల్లే కథలో, పాఠకులు చెయ్యాల్సింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. నాలుగేళ్లుగా "ఎనిమిదో పాయ" అని ఒక సిరీస్ రాస్తున్నాను, శుక్రవారానికి ఒక భాగం, ఇప్పటికి నూట అరవై దాటాయి. పాత బాలనాగమ్మ కథలో మంత్రగాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, అందరికీ తెలిసిందే. నా కథలో ఆ చిలక ఒక గుడ్డు పెట్టింది. మంత్రగాడి శిష్యుడు ఆ గుడ్డుని తీసుకుని ఏడు సముద్రాలకి బదులు గోదావరి ఏడు పాయలు దాటి దాచాలనుకుంటాడు. మన కంటికి కనిపించే పెద్ద పాయలు గౌతమి, వశిష్ఠ, వైనతేయ అయినా, పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేస్తూ సప్తసాగర యాత్ర చేసేవాళ్లు లెక్కపెట్టేవి ఏడు కదా. ఎనిమిదోది ఉందా లేదా అన్నదే సిరీస్. వరాలు అని ఒక లంక ఊరి (ఏటి మధ్య దీవి మీది ఊరి) అమ్మాయి వాడికి అడ్డం నిలబడుతుంది.

ఈ నాలుగేళ్లలో కథ నడక మార్చిన ప్రతి మలుపూ ఎవరో ఒక పాఠకుడి నుంచో పాఠకురాలి నుంచో వచ్చిందే. అలాగని అందరూ చేసిన సాయం ఒకేలా లేదు. కొన్ని మాటలు నన్ను నెలల తరబడి రాయించాయి, కొన్ని వారం రోజులు పెన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ తేడా ఎక్కడుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు కాబట్టి, నా సిరీస్ అనే కాదు, మీరు చదివే ఏ మాయల సిరీస్‌కైనా పనికొచ్చేలా చెప్తున్నాను.

ముందు మాయకి ఒక చిట్టా రాసుకోండి

చిన్న పాకెట్ నోటుబుక్ అయినా చాలు. మాయల కథలో ప్రతి మంత్రానికీ మూడు సంగతులుంటాయి: ఏం చెయ్యగలదు, ఏం చెయ్యలేదు, చేసినందుకు ఏం పోతుంది. చదువుతూ చదువుతూ ఈ మూడూ భాగం నంబరుతో సహా రాసుకోండి. "12వ భాగం: పారే నీటి మీద మంత్రం పనిచెయ్యదు. 19వ భాగం: రూపం మారిస్తే ఒక జ్ఞాపకం పోతుంది." ఇంతే. రాసేవాళ్లకి కథ తలలో పది రకాలుగా ఉంటుంది, రాసి కొట్టేసినవి కూడా రాసినట్టే గుర్తుంటాయి, అందుకే మేం తప్పులు చేస్తాం. నలభై భాగాల కిందట ఏమన్నామో మీ పుస్తకంలోనే భద్రంగా ఉంటుంది. 88వ భాగంలో వరాలు తన తమ్ముడి పేరు పెట్టి పిలిచింది, కానీ 57లో రూపం మార్చినప్పుడు ఆ పిల్ల పోగొట్టుకున్న జ్ఞాపకం సరిగ్గా ఆ పేరే. పాలకొల్లు నుంచి ఒక అత్తయ్యగారు పట్టుకున్నారు. "అమ్మా, ఈ పిల్లకి వాడి పేరు తెలీకూడదు కదా" అన్నారు, అంతే, ఒక్క వాక్యం. నేను దిద్దేసి ఊరుకోవచ్చు, కానీ ఆవిడ మాట విన్నాక ఆ తప్పునే కథగా చేశాను: ఆ పేరు వరాలికి ఎవరు తిరిగిచ్చారు? అక్కణ్నుంచి ఆరు భాగాలు వచ్చాయి.

కాబట్టి తప్పు దొరికితే "మీరు మర్చిపోయారు" అని వదిలెయ్యకుండా ఏ భాగంలో ఏముందో, ఏ భాగంలో దానికి అడ్డం వచ్చిందో రెండూ చెప్పండి. నంబరు చెప్తే మాకు వెతుకులాట తప్పుతుంది. ఇంకోమాట, పాత కథనీ చిట్టాలో వేరే పేజీలో పెట్టుకోండి. ఫ్యాన్ ఫిక్షన్‌లో కెనన్ అంటారే, అంటే మూలకథలో ఉన్నది, దాన్నీ రచయిత కొత్తగా కలిపినదాన్నీ కలగాపులగం చేసేస్తే చర్చలు ఎటో వెళ్లిపోతాయి. బాలనాగమ్మ కథైతే ఒక్కో ఊళ్లో ఒక్కోలా చెప్తారు, అందుకని "మా ఊళ్లో ఇలా చెప్తారు" అని ఊరు పేరు వేసి రాసుకుంటే ఇంకా మంచిది. అలాంటివి నాకు బంగారం.

మీ ఊ ఎక్కడ ఆగిందో చెప్పండి

అన్నిటికంటే పెద్ద సాయం ఇదే, అందరూ తేలిగ్గా తీసుకునేదీ ఇదే. "చాలా బాగుంది అండి" అంటే సంతోషంగానే ఉంటుంది, కానీ దాంతో నేను తర్వాతి భాగం రాయలేను. "బాలేదు" అన్నా అంతే. నాకు కావాల్సింది చోటు. ఏ పేరా దగ్గర ఫోన్ పక్కన పెట్టి పొయ్యి మీద పాలు చూసుకోవడానికి వెళ్లారు? ఏ వాక్యం రెండోసారి చదివారు, అర్థం కాకా, నచ్చా? ఎక్కడ "వీడు ఇప్పుడు ఇది చేస్తాడు" అని ముందే అనుకున్నారు, అదే జరిగిందా? ఇవన్నీ చదివిన రోజే, ఇంకెవరితోనూ ఆ భాగం గురించి మాట్లాడకముందే చెప్పండి. నలుగురితో మాట్లాడాక మీ ఊ మీది కాకుండా పోతుంది, పక్కవాళ్లకి నచ్చింది మీకూ నచ్చినట్టే అనిపిస్తుంది.

గొంతుతో చెప్పగలిగితే ఇంకా మేలు. రాజోలు వైపు ఒక తాతగారికి మనవరాలు నా భాగాలు చదివి వినిపిస్తుంది, ఆయన వింటున్నప్పుడు ఆ పిల్ల ఫోన్లో రికార్డు చేసి పంపిస్తుంది. ఆయన ఏమీ విమర్శ చెయ్యరు. ఊ కొడతారు, అంతే. కానీ 103వ భాగంలో నాలుగు నిమిషాల పాటు ఆ ఊ వినిపించలేదు. నేను ఎంతో మోజుపడి రాసుకున్న కోట వర్ణన అది. మర్నాడే సగానికి కోసేశాను.

సలహా కంటే ప్రశ్న బలమైనది

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సిరీస్ నిజంగా మలుపు తిరిగేది ఇలాంటి చోట్లే.

పాఠకులు సాధారణంగా పంపేది సలహా: "వరాలికి ఒక ఉంగరం దొరికితే బాగుంటుంది", "మంత్రగాడి కూతురు వీళ్ల వైపు వచ్చేస్తే బాగుంటుంది." వీటిల్లో తప్పేం లేదు, కానీ ఇవన్నీ కథలోకి కొత్త వస్తువు తెస్తాయి, ఉన్నదాన్ని తవ్వవు. మాయల కథకి కొత్త వస్తువులు మందు కాదు. ఉన్న నియమాన్ని చివరంటా లాగి చూడటమే మందు. అది ప్రశ్నతోనే అవుతుంది.

పారే నీటి మీద మంత్రం పనిచెయ్యదని 12వ భాగంలో రాశానని చెప్పాను కదా. డెల్టాలో ఈ నియమం పెట్టడంలో నా ఉద్దేశం ఏంటంటే, ఎటు చూసినా కాలవే, బోదే, మురుగు కాలవే, కాబట్టి వరాలు ఇల్లు దాటకుండానే క్షేమం. అప్పుడు ముమ్మిడివరం అవతల వరి చేసే ఒకాయన ఫోన్ చేసి ఒకే ఒక ప్రశ్న అడిగారు. "ఆయ్, మరి కాలవలు కట్టేసినప్పుడో అండి?"

నాకు చేతులు చల్లబడ్డాయి. ఎండాకాలంలో ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపేస్తారు, దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలవల్లో పూడిక తియ్యడం, లాకుల రిపేర్లు ఆ రోజుల్లోనే, ఊళ్లలో మంచినీళ్ల చెరువులు ముందే నింపేసుకుంటారు, మళ్లీ జూన్‌లో వదిలేదాకా కాలవ అడుగు ఎండి బీటలు తీసి ఉంటుంది, పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. నేను పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. అయినా కథకి అతికించుకోలేదు. అంటే ఏడాదిలో దగ్గర దగ్గర నెలన్నర పాటు వరాలికి ఏ రక్షణా లేదు, శిష్యుడికి ఆ సంగతి తెలుసు, వాడు కేలండరు చూసుకుని కూర్చుంటాడు! రెండో సంవత్సరం కథంతా ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడింది. ఊరంతా చెరువుల్లో నీళ్లు నింపుకుంటుంటే వరాలు ధైర్యం నింపుకోవాలి అన్న వాక్యం చాలామందికి గుర్తుంది, అది ఆయన ఇచ్చిందే అనుకోండి.

ఆ ప్రశ్న విన్నాక మిగతావాళ్లూ అదే దారి పట్టారు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఒక తమ్ముడు అడిగాడు: ఏరేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే మిషన్లు) తిప్పితే చెరువులో నీళ్లు కదుల్తాయి కదక్కా, అది పారే నీరేనా? అర్ధరాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, తెల్లారగట్ల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ టైమ్‌లో గట్టు మీద టార్చిలైట్ పట్టుకుని నిద్రలేకుండా కూర్చునేవాడు అడిగిన ప్రశ్న అది, ఊరికే చమత్కారానికి అడిగింది కాదు. చాలా ఆలోచించాను. కాదని జవాబిచ్చాను: సముద్రానికి వెళ్లే నీరే పారే నీరు, ఉన్నచోటే తిరిగేది కాదు. చూడండి, నా నియమం అప్పటిదాకా వదులుగా ఉంది, ఆ తమ్ముడి ప్రశ్నతో బిగిసింది.

బిగిశాక ఇంకో చోట తెగింది. అంతర్వేది వైపు వేటకెళ్లే ఒక బాబాయి, "సముద్రానికి వెళ్లే నీరే అంటన్నావు, మరి పోటు వచ్చినప్పుడు ఏరు వెనక్కి నడుస్తది గదమ్మా" అన్నాడు. నిజమే కదా. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటులో ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది, పాటులో దిగిపోతుంది. ఆ రెండింటి మధ్య కాసేపు నీరు అటూ పోదు, ఇటూ రాదు. బాబాయి చెప్పిన పద్ధతి ఇది: నీటి మీద ఒక కొబ్బరి మట్ట ముక్క వేసి చూడు, అది ఉన్నచోటే మెల్లిగా తన చుట్టూ తాను తిరుగుతుంది, అప్పుడు వల వెయ్యడానికి మంచి టైమ్. నా కథలో అదే శిష్యుడి టైమ్ అయ్యింది. 131వ భాగంలో వాడు పడవ అంచున కూర్చుని మట్ట ముక్క వంక చూస్తూ మంత్రం నోట్లోనే పట్టుకుని ఉంటాడు, ముక్క తిరగడం మొదలయ్యేదాకా.

కాబట్టి ప్రశ్న ఎలా అడగాలంటే, నియమాన్ని తీసుకోండి, మీ ఊళ్లోకి తీసుకెళ్లండి, మీ రోజువారీ పనిలో పెట్టి చూడండి. ఎక్కడ అతకదో అక్కడ అడగండి. జవాబు మీరే చెప్పెయ్యకండి, కాసేపు రచయితని దాని గురించి ఆలోచించుకోనివ్వండి.

మీ చేతికి తెలిసిన పని చెప్పండి

నరసాపురం లేసు గురించి నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. వరాలు వాళ్లమ్మ లేసు అల్లుతుంది, ఆ అల్లికలోనే మంత్రాలు ముడివేస్తుందని రాశాను. "ముడి" అన్న మాట పదిసార్లు వాడాను. ముప్ఫై ఏళ్లుగా లేసు అల్లుతున్న ఒకావిడ నన్ను కూర్చోబెట్టి చూపించారు. సూది కొక్కెంతో దారాన్ని ఒక కన్నులోంచి లాగి ఇంకో కన్ను చేస్తారు, దానిలోంచి ఇంకోటి, గొలుసులాగ. ఎక్కడా ముడి లేదు. అంత పెద్ద టేబుల్ క్లాత్ అల్లాక కూడా చివరి కన్ను బిగించకుండా వదిలేసి కొస పట్టి లాగితే జర్రున మొత్తం ఊడి దారం అయిపోతుంది. ఆవిడ నా కళ్ల ముందే ఒక పువ్వు అలా లాగేశారు, గంటసేపు అల్లింది రెండు సెకన్లలో పోయింది, "మళ్లీ అల్లుకోవచ్చులెండి" అని నవ్వారు. ఆ రోజు నుంచి నా సిరీస్‌లో మంత్రాన్ని ఎవరూ కత్తితో కొయ్యరు. చివరి కొస ఎక్కడుందో వెతుకుతారు.

మీకు తెలిసిన పని చిన్నదనుకోకండి. కొబ్బరి చెట్టెక్కేటప్పుడు కాళ్లకి బందం ఎలా వేస్తారు, పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద బండి ఎక్కించేటప్పుడు ఏ పక్క బరువు పెడతారు, పూతరేకు కుండ మీంచి ఎప్పుడు తియ్యాలి, ఇవన్నీ మాయల కథకి ప్రాణం. మాయ నమ్మబుద్ధెయ్యాలంటే దాని పక్కన ఉన్న మామూలు పని తప్పు లేకుండా ఉండాలి.

వరద విషయంలో నన్ను దిద్దినవాళ్లూ ఉన్నారు. లంక మీదకి ఒక్క రాత్రిలో హఠాత్తుగా వరద వచ్చి పడ్డట్టు రాశాను. ఒక లంకలో ఉండే అమ్మగారు కోపంగానే చెప్పారు: భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక అని వినగానే మేం గొడ్లని గట్టు మీదకి తోలడం మొదలెడతాం, ధవళేశ్వరంలో 11.75 అడుగులంటే సామాన్లు అటక మీదకి, 13.75 అంటే పడవ కోసం చూడ్డం, 17.75 అంటే ఇంక ఇంటి ఆశ వదులుకోవడమే, వరద మాకు హఠాత్తుగా రాదు, వస్తోందని తెలిసి కూర్చోవడమే దాని బాధ. ఆవిడ 1986 ఆగస్టు వరద చూసిన మనిషి. పైగా నా నియమం ప్రకారం వరదంటే బోలెడంత పారే నీరు, కాబట్టి వరాలికి మంచి రోజులు అన్నట్టు రాశాను. "ఇల్లు మునిగితే మంచి రోజులేంటండి" అన్నారు. ఆ భాగం మొత్తం తిరగరాశాను. ఇప్పుడు వరదలో ఎవరి మంత్రమూ పనిచెయ్యదు, వరాలిది కూడా, శిష్యుడూ వరాలూ ఒకే గట్టు మీద ఒకే టార్పాలిన్ కింద రెండు రాత్రులు ఉండాల్సి వస్తుంది. నేను రాసినవాటిలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం అదే.

నొప్పి కలిగిందా, అది కూడా చెప్పండి

పాత కథలో మంత్రగాణ్ని ఫకీరు అని పిలుస్తారు. మొదటి పది భాగాలు నేనూ అలాగే రాశాను, ఆలోచించకుండా. యానాం దగ్గర ఒక చెల్లి, తన పేరు చెప్పొద్దంది, "అక్కా, మా తాతని కూడా ఊళ్లో ఫకీరు సాయిబు అనే పిలిచేవాళ్లు, ఎంతో మంచాయన" అని మాత్రం అంది. నా మంత్రగాడి పేరు, వేషం మార్చేశాను, కథకి ఒక్క వెంట్రుక కూడా తగ్గలేదు. ఇలాంటిది మనసులో పెట్టుకుని చదవడం మానెయ్యకండి, చెప్పండి, రచయితకి తెలిసే అవకాశం ఇవ్వండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, ఇది మాత్రం గట్టిగానే చెప్తున్నా. "మా వీధి చివర ఒకావిడ ఉంది, అచ్చం మంత్రగత్తెలాగే ఉంటుంది, ఆవిణ్ని పెట్టండి" అని ఎవరి గురించీ చెప్పకండి. చేతబడి చేసిందన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన ఊళ్లు మన రాష్ట్రాల్లో ఉన్నాయి. కథలో మాయ మాయగానే ఉండాలి, ఊళ్లో ఒక ఒంటరి ముసలావిడ గుమ్మం దాకా వెళ్లకూడదు. దేవుడి సంగతీ అంతే. కనుమ నాడు జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ని పెట్టి ఊరేగించే ఎత్తైన వెదురు చట్రాలు, వస్తాయి, అంతంత ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ పచ్చటి చేలల్లోంచి, కాలవలోంచి నడుస్తారు. అక్కడ మంత్రగాడు ప్రభని గాల్లోకి లేపుతాడు అని ఒకరు పంపారు. ఆ జనం భుజాల మీద కాయలు చూసిన నేను అది రాయలేను. వరాలు ఆ తీర్థంలో తప్పిపోయే భాగం మాత్రం రాశాను.

ఓట్లు, వంతులు, క్రెడిట్

అప్పుడప్పుడు రచయితలు పాఠకుల్ని ఓటు అడుగుతారు. నేనూ అడుగుతాను, కానీ రెండు దారులూ నాకు రాయడానికి సిద్ధంగా ఉన్నప్పుడే. "గుడ్డు వైనతేయ మీదుగా వెళ్లాలా, గౌతమి మీదుగానా?" అని అడిగాను ఒకసారి. వైనతేయుడంటే గరుత్మంతుడు, పక్షి గుడ్డు ఆ పాయలో వెళ్తే ఆయన ఊరుకుంటాడా అని ఒక మాస్టారు వాదించారు, ఆ వాదనకే ఎక్కువమంది చెయ్యెత్తారు, గౌతమి అయ్యింది. ఓటు వేసేటప్పుడు మీకు ఏది సరదాగా ఉంటుందో కాకుండా ఏ దారిలో వరాలికి ఎక్కువ పోతుందో చూడండి, కథ అటే బాగుంటుంది. ముగింపు మీదా, ఎవరు చనిపోవాలన్నదాని మీదా ఓటు పెట్టమని రచయితని ఒత్తిడి చెయ్యకండి, పెట్టినా వెయ్యకండి అంటాను నేను.

టైమ్ కూడా చూసుకోవాలి. శుక్రవారం వచ్చే భాగం రాసి చాలా రోజులై ఉంటుంది, నా దగ్గర ఎప్పుడూ మూడు నాలుగు ముందే ఉంటాయి. కాబట్టి ఇవాళ చెప్పింది నెల తర్వాత కనిపిస్తుంది. కనిపించలేదని అలగొద్దు. ఊడ్పుల్లోనో కోతల్లోనో భాగం ఆలస్యమైతే "ఎప్పుడండీ" అని రోజూ అడిగితే టెన్షన్ తప్ప ఇంకేం రాదు, ఆ వారం పాతవి తిరగేసి చిట్టా సరిచూసుకుంటే మాకు ఎంత మేలో.

మీరు ఇచ్చిన ప్రశ్నో వివరమో కథలో వాడితే భాగం చివర మీరు చెప్పినట్టు పేరో ఊరో రాయమని అడగండి, సిగ్గుపడక్కర్లేదు. మీరే ఒక ఉపకథ రాయాలనుకుంటే రచయితని అడిగి రాయండి. బాలనాగమ్మ కథ ఎవరి సొంతమూ కాదు, తరతరాలుగా నోటంట వచ్చింది, దాన్ని ఎవరైనా ఎత్తుకోవచ్చు. కానీ వరాలు నాది. అలాగే ఒక రచయిత రాసిన పుస్తకం మీద ఫ్యాన్ ఫిక్షన్ రాస్తుంటే జాగ్రత్త, మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలం, పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. డబ్బు చేసుకోవాలనుకుంటే ముందు అనుమతి తీసుకోవాల్సిందే.

కాదంటే ఏం చెయ్యాలి

పదో తరగతి చదివే ఒక పాప మొదటి నుంచీ ఒకటే అడుగుతోంది, చిలకని చంపొద్దు అని. పాత కథలో చిలక మెడ విరిస్తేనే మంత్రగాడు పోతాడు. నేను కాదన్నాను, అది తీసేస్తే ఇది ఆ కథకి ఫ్యాన్ ఫిక్షనే కాదు అన్నాను. ఆ పాప వాదించలేదు. మూడు నెలల తర్వాత, "సరే అక్కా, మరి ఆ చిలకకి తనలో ఇంకొకళ్ల ప్రాణం ఉందని తెలుసా?" అని పంపింది. అడగడం మానలేదు, ప్రశ్న మార్చింది. నేను నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చిలక వైపు నుంచి ఆలోచించలేదు. ఇప్పుడు రాస్తున్న భాగాలన్నీ చిలక గొంతులోనే. చంపుతానో లేదో ఇంకా తేల్చుకోలేదు, తేల్చుకున్నా చెప్పను.

ఈ వారానికి నాకు కావాల్సింది ఒకటుంది. కార్తీక పౌర్ణమి రాత్రి వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, పోటుకీ పాటుకీ మధ్య నీరు నిలబడినప్పుడు చప్పుడు ఎలా ఉంటుంది? అరటి దొప్పల్లో వదిలిన దీపాలు ఆ కాసేపూ ఎటు తిరుగుతాయి? చూసినవాళ్లు చెప్పండి. ఊహించి వద్దు, చూసిందే కావాలి, ఆ రాత్రే చిలక మొదటిసారి మాట్లాడుతుంది.